పైకి లేపిన జీపును మళ్లీ కొలతల్లోకి తెచ్చిన నా అనుభవం

నా చేతికి వచ్చిన జీపు సీజే-3బి నమూనాకు చెందినది. నాకు ముందు దాన్ని నడిపినవారు రాళ్ల దారులకు, బురద దారులకు అనువుగా ఉండాలని దానికి చాలా మార్పులు చేయించారు. కమాన్ల (ఇరుసును మోసే పొరల స్ప్రింగుల) కొనలను అడుగు చట్రమైన చాసిస్‌కు కలిపే షాకిళ్లను పొడవాటివి వేసి బండిని పైకి లేపారు, వెడల్పాటి రిమ్ములకు 31 అంగుళాల టైర్లు తొడిగారు, ముందు భాగాన బరువైన ఇనుప బంపరు బిగించారు. నిలిపి ఉంచినప్పుడు ఆ బండి ఎంతో గంభీరంగా కనిపించేది. కాని చదునైన రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగానికి చేరువయ్యేసరికి ఏ చిన్న గుంత తగిలినా ముందు చక్రాలు రెండూ ఎడమకూ కుడికీ కొట్టుకోవడం మొదలయ్యేది. దాదాపు ఆపేంత వరకూ వేగం తగ్గిస్తే తప్ప ఆ వణుకు ఆగేది కాదు. స్టీరింగు డ్యాంపరు ఒకటి వేస్తే సరిపోతుందని నాకు చెప్పినవారు చాలామంది ఉన్నారు. డ్యాంపరు వణుకును అణచగలదే గాని దానికి మూలమైన వదులును తీసివేయలేదు. అందువల్ల ఆ దారి పట్టకుండా, అంతకు ముందు చేసిన మార్పులన్నీ విప్పి, బండిని తయారీదారు సర్వీసు పుస్తకంలో ఇచ్చిన కొలతలకు తెచ్చి, ఆ స్థితిలో కొంతకాలం నడిపి చూసి, నిజంగా లోటు కనిపించిన చోట మాత్రమే కొత్త మార్పు చేయాలని నిర్ణయించుకున్నాను.

సీజే-3బిని విల్లీస్ సంస్థ 1953లో విడుదల చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఎంబీ జీపుకు, ఆ తరవాత పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏ, సీజే-3ఏలకు ఇది వారసురాలు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం ఎంబీలో లాగే 80 అంగుళాలు. ఇంజను మాత్రం వేరు. హరికేన్ అనే ఈ 134 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 2.2 లీటర్ల ఇంజనులో లోపలికి పీల్చే వాల్వులు హెడ్డులోనూ, పొగను బయటికి పంపే వాల్వులు బ్లాకులోనూ ఉంటాయి. ఈ అమరిక వల్ల ఇంజను ఎత్తు పెరిగింది, దాని కోసం బానెట్టునూ ఎత్తుగా చేయవలసి వచ్చింది. ఈ నమూనాను జపానులో మిత్సుబిషి, భారతదేశంలో మహీంద్రా లైసెన్సు మీద దశాబ్దాల పాటు తయారు చేశాయి కనుక విడిభాగాలకు ఇప్పటికీ కొరత లేదు. అయితే తయారైన సంవత్సరాన్ని బట్టి, చోటును బట్టి బేరింగులు, షాఫ్టులు, బ్రేకులు మారుతూ వచ్చాయి. నమూనా పేరు ఒక్కటే చెప్పి భాగం తెచ్చుకుంటే సరిపడకపోవచ్చు. విప్పిన పాత భాగాన్ని శుభ్రం చేసి, దాని మీద పోత పోసిన అంకెలను రాసుకొని, కొలిచి, ఆ తరవాతే కొత్తది తెప్పించుకునే పద్ధతిని నేను మొదటి నుంచీ పాటించాను.

అన్నిటికన్నా ముందు చూడవలసింది చాసిస్. దాని స్థితి తెలియకుండా మిగతా పని మొదలుపెట్టడం వృథా శ్రమ అని నా నమ్మకం. బాడీని ఎత్తి పక్కన పెట్టి, చాసిస్ అంతటినీ తీగ బ్రష్షుతో రుద్ది, చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లాను. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది, లోపలి నుంచి తుప్పు తిన్న చోట శబ్దం బొత్తిగా మందంగా వస్తుంది. వెనుక అడ్డ పట్టీ దగ్గర బురద చేరి ఎండిన మూలల్లో అలాంటి మందపు శబ్దమే వినిపించింది. స్టీరింగు బాక్సును బిగించే చోట ఒక పగులు, ముందు కమాను హ్యాంగరు పక్కన మరొక సన్నని పగులు కనిపించాయి. బరువైన బంపరు, పెద్ద టైర్లు కలిసి ఆ రెండు చోట్లనే ఎక్కువ శ్రమ పెట్టి ఉంటాయని వాటి స్థానమే చెబుతోంది. చాసిస్ వంకర పోయిందేమో తెలుసుకోవడానికి కమాను బోల్టుల కేంద్రాల మధ్య దూరాన్ని ఎదురెదురు మూలల నుంచి కొలిచి, రెండు కొలతలనూ పోల్చాను. తేడా స్వల్పమే కనుక సాగదీసే పని తప్పింది. పగులు చివర సన్నని రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపి, పగులు వెంట గాడి తీసి లోపలి దాకా వెల్డింగు నింపి, పైన బలం కోసం పలక అతికించాము. ఆ పలక చివరలను నిలువుగా కోయకుండా కోసుగా కోయించాను. చాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలో వెల్డింగు పడితే శ్రమ అంతా ఆ గీత మీదే చేరుతుంది. పాత బట్టకు గట్టి అతుకు వేస్తే అతుకు అంచునే చిరిగినట్టు, బలపరిచిన చోటు పక్కనే మళ్లీ పగులుతుంది.

ఇక వణుకు సంగతి. బండిని లేపడానికి వేసిన పొడవాటి షాకిళ్లే దానికి సగం కారణం. ఈ జీపు ముందు కమాన్లకు వెనుక కొన స్థిరమైన పిన్ను మీద, ముందు కొన షాకిల్ మీద ఉంటాయి. షాకిల్ పొడవు పెంచితే కమాను ముందు కొన కిందికి దిగి, కమానుతో పాటు ఇరుసు కూడా ముందుకు ఒరుగుతుంది. అప్పుడు కింగ్ పిన్నుల, అంటే ముందు చక్రాలు ఎడమకూ కుడికీ తిరగడానికి ఆధారంగా నిలిచే పిన్నుల, పై భాగం వెనక్కి వాలి ఉండవలసింది పోయి నిటారుగా, ఒక్కోసారి ముందుకు కూడా వాలుతుంది. ఈ వెనుక వాలునే కాస్టర్ కోణం అంటారు. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా రావడానికి, వేగంలో చక్రం తన దారిని తాను పట్టుకొని ఉండడానికి ప్రధాన ఆధారం ఇదే. విల్లీస్ పుస్తకం ప్రకారం ఇది 3 డిగ్రీలు ఉండాలి. కింగ్ పిన్ను పై మూత బిగించే నునుపు ముఖం మీద కోణమాపకం ఉంచి కొలిస్తే నా బండిలో దాదాపు ఏమీ మిగలలేదు. అలాగని కాస్టర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడమూ పొరపాటే, మితిమీరితే స్టీరింగు బరువెక్కడమే కాక అదే వణుకు మరో రూపంలో తిరిగి వస్తుంది.

ఎత్తు పెంచినప్పుడు చెడేది ఆ ఒక్క కోణమే కాదు. స్టీరింగు ఆర్మ్ నుంచి ఇరుసు వైపు వెళ్లే కడ్డీ ఏటవాలుగా మారుతుంది, దానితో ఇరుసు పైకి కిందికి కదిలిన ప్రతిసారీ నా చేయి కదలకపోయినా చక్రాలు కొద్దిగా తిరుగుతాయి. ఇరుసులకు బలాన్ని అందించే ప్రొపెల్లర్ షాఫ్టుల కోణం పెరుగుతుంది. మామూలు యూనివర్సల్ జాయింటు ఒక కోణంలో తిరుగుతున్నప్పుడు తన అవతలి కొనను ఏకరీతి వేగంతో తిప్పలేదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. షాఫ్టుకు రెండు చివర్లా ఉన్న జాయింట్ల కోణాలు సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గులను మరొకటి సరిచేస్తుంది, కోణాలు వేరైతే ఆ తేడా అంతా కంపనంగా మారి ఇంజను బలాన్ని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగుల మీద పడుతుంది. పైగా షాఫ్టు మధ్యలో జారే గాళ్ల జత కొంత బయటికి వచ్చేసి, పట్టుకునే పొడవు తగ్గిపోతుంది. ఇవన్నీ సరిచేయగలిగినవే. వాలు పలకలు, కొత్త పొడవుల షాఫ్టులు, కిందికి వంచిన ఆర్ములు దొరుకుతాయి. కాని ఒక్క ఎత్తు కోసం అన్ని భాగాలను మార్చి, అంతా అయ్యాక గురుత్వ కేంద్రం పైకి పోయిన బండిని పక్క వాలు దారిలో నడపడం నాకు సమ్మతం కాలేదు. చక్రాల నడుమ వెడల్పు తక్కువగా ఉండే ఈ జీపుకు ఎత్తు అన్నది చాలా జాగ్రత్తగా ఇవ్వవలసిన వరం.

అందుచేత మామూలు పొడవు షాకిళ్లు, కొత్త బుష్షులు వేసి, కమాన్లను విడదీశాను. పట్టీల మధ్య చేరిన తుప్పును తీసి, ఒకదాని కొన మరొకదాన్ని కోసిన గుంతలున్న పట్టీలను మార్పించి, నడిమి బోల్టులు కొత్తవి వేయించాను. నడిమి బోల్టు చూడటానికి అల్పంగా కనిపిస్తుంది. ఇరుసు కమాను మీద తన స్థానంలో నిలవడం దాని తల వల్లనే, అది తెగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగి బండి అడ్డంగా నడుస్తుంది. యు-బోల్టులను విప్పాక మళ్లీ వాడలేదు, ఒకసారి సాగిన మర రెండోసారి అదే బిగువును నిలబెట్టదు. ఇదంతా బిగించి బండిని దాని బరువు మీద నిలిపాక కాస్టర్ కొలిస్తే ఇంకా కొంత తక్కువే ఉంది. కమానుకూ ఇరుసు మీద అది ఆనే పీఠానికీ నడుమ సన్నని వాలు పలకలను, మందపు అంచు ముందు వైపు ఉండేలా పెట్టడంతో 3 డిగ్రీలకు చేరింది. ఈ బండిలో ఇరుసు కమాను పైన కూర్చుంటుంది కనుక మందపు అంచు ముందుకు రావాలి, కమాను ఇరుసు పైన ఉండే బండ్లలో ఇది తారుమారవుతుంది.

నా శ్రమలో పెద్ద భాగం ముందు ఇరుసు రెండు కొసల దగ్గరే గడిచింది. ఈ జీపు ముందు ఇరుసు చివర ఒక గోళాకార పోత భాగం, దాని చుట్టూ తిరిగే మూతలాంటి నకిల్ ఉంటాయి. పైనా కిందా రెండు కింగ్ పిన్నులు చిన్న కోను బేరింగుల మీద ఆ నకిల్‌ను నిలబెడతాయి. చక్రాన్ని తిప్పే లోపలి షాఫ్టు జాయింటు ఈ గోళం లోపలే తిరుగుతుంది. బండిని జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు పెట్టి, చక్రం, డ్రమ్ము, హబ్బు వరసగా విప్పాను. ఎడమ పక్క చక్రాల నట్లకు ఎడమ మర ఉండే బండ్లు ఈ వంశంలో చాలా ఉన్నాయి, పానా పట్టే ముందు బోల్టు చివర చూసుకోవడం మంచిది. హబ్బులో లోపలి నట్టు, తాళపు వాషరు, బయటి నట్టు ఉంటాయి. వాటిని తీయడానికి ఉలి, సుత్తి వాడిన గుర్తులు నా బండిలో అన్ని పక్కలా ఉన్నాయి. సరైన గొట్టపు పానా ఒకటి చేతిలో ఉంటే ఆ నట్లు ఏ గాయమూ లేకుండా వస్తాయి.

నకిల్‌ను విప్పేటప్పుడు పై మూత కింద, కింది మూత కింద ఉన్న షిమ్ములను (సందు సరిచేసే పలుచని రేకులను) విడివిడిగా కట్టి, ఏది ఎక్కడిదో రాసి పెట్టాను. బేరింగు కప్పులను కిరోసినులో కడిగి వెలుతురులో చూస్తే రోలర్ల ఆకారంలోనే సన్నని గీతలు అచ్చు పడి ఉన్నాయి. ఈ బేరింగు పూర్తిగా చుట్టూ తిరిగేది కాదు. చక్రం మలుపు తిరిగే కొద్ది డిగ్రీల మేరే అటూ ఇటూ కదులుతూ, నేరుగా నడిచే స్థితిలోనే తన జీవితంలో అధిక భాగం గడుపుతుంది. ప్రతి కుదుపూ అవే రోలర్లను అదే చోట కప్పులోకి కొడుతుంది. ఆ గీతలు పడిన తరవాత షిమ్ములు తీసి ఎంత బిగించినా ఫలితం ఉండదు, నేరుగా ఉన్నప్పుడు వదులుగానూ, మలుపులో బిగుతుగానూ అనిపిస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే తెలిసేది ఈ ఆటే, అంటే వదులు వల్ల వచ్చే కదలికే. దాన్ని హబ్బు బేరింగు వదులు అనుకొని హబ్బు నట్టును అతిగా బిగించడం తరచూ జరుగుతుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకొని ఉండగా మరొకరు చక్రాన్ని ఊపితే, హబ్బు వదులైతే ఆట పోతుంది, కింగ్ పిన్ వదులైతే అలాగే ఉంటుంది. ఈ చిన్న పరీక్ష నాకు చాలా శ్రమ తగ్గించింది.

కొత్త కప్పులు, కోన్లు వేసి, పైనా కిందా షిమ్ములు వీలైనంత సమానంగా ఉండేలా అమర్చాను. అవి ఒక పక్కకే చేరితే నకిల్ గోళం మీద కేంద్రం తప్పి, ఆయిల్ సీలు ఒక పక్క నలిగి మరో పక్క ఖాళీ ఇస్తుంది. బిగువును చేతి అంచనాకు వదిలిపెట్టలేదు. సీలునూ, నకిల్‌ను తిప్పే టై రాడ్డు అనే కడ్డీనీ తీసి ఉంచి, స్టీరింగు ఆర్మ్ చివరి రంధ్రానికి స్ప్రింగు త్రాసు తగిలించి, నకిల్ నిలకడగా తిరుగుతున్నప్పుడు త్రాసు చూపే బరువు పుస్తకంలో ఇచ్చిన హద్దులో పడేదాకా సన్నని షిమ్ములు తీస్తూ పెడుతూ వచ్చాను. వణుకు మాయమవడానికి ఈ ఒక్క పని చేసినంత మేలు మరే పనీ చేయలేదని నా అభిప్రాయం. ఈ బిగువే చక్రం అటూ ఇటూ కొట్టుకోకుండా నిరంతరం పట్టుకొని ఉంచే రాపిడి. గోళం బయటి ముఖాన్ని కూడా నునుపు చేయక తప్పలేదు. తుప్పు గుంతలు మిగిలిన గోళం మీద ఎంత మంచి సీలు వేసినా అది కొద్ది రోజుల్లోనే అరిగి, లోపలి కందెన బయటికి కారి బ్రేకు లైనింగులను తడుపుతుంది. హబ్బు బేరింగులను గ్రీజు నిండా దట్టించి, చక్రం తిప్పుతూ లోపలి నట్టును బిగుసుకునేదాకా తిప్పి, అక్కడి నుంచి చుట్టులో ఆరో వంతు వెనక్కి వదిలి తాళం వేశాను. అదే పుస్తకం చెప్పిన పద్ధతి.

స్టీరింగు కడ్డీల మధ్య ఉండే బెల్ క్రాంకు ఈ జీపుల్లో పేరుపొందిన బలహీన స్థానం. స్టీరింగు బాక్సు నుంచి వచ్చే కదలికను రెండు టై రాడ్లకు పంచేది అదే. దాని పిన్ను, బేరింగులు ఏ కొంచెం అరిగినా ఆ ఆట రెండు చక్రాలకూ చేరుతుంది. పిన్ను, బేరింగులు, సీళ్లు, కడ్డీల కొసలు అన్నీ మార్చాక చక్రాల ముందు అంచుల మధ్య దూరాన్ని వెనుక అంచుల మధ్య దూరంతో పోల్చి టో-ఇన్ సరిచేశాను. అది అంగుళంలో 3/64 నుంచి 3/32 వరకు, అంటే దాదాపు 1.2 నుంచి 2.4 మి.మీ. ఉండాలి. కొలిచే ముందు బండిని కొన్ని అడుగులు ముందుకు నెట్టి ఆపాలి, జాకీ దించిన వెంటనే కొలిస్తే టైర్లు ఇంకా పక్కకు నొక్కుకొని ఉండి అంకె తప్పు వస్తుంది.

టైర్ల విషయంలో నేను వెనక్కి వెళ్లడం నా మిత్రులు కొందరికి నచ్చలేదు. లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. ఈ జీపు ఇరుసుల నిష్పత్తి 5.38, గేరు బాక్సు మొదటి గేరు 2.798, ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ వేగపు (లో) రేంజి 2.46. ఈ మూడింటినీ గుణిస్తే 37 వస్తుంది, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను 37 చుట్లు తిరుగుతుంది. సుమారు 28.5 అంగుళాల వ్యాసం ఉన్న 6.00-16 టైరు బదులు 31 అంగుళాల టైరు వేస్తే ఆ నిష్పత్తి విలువ 34కు పడిపోయినట్టే. కేవలం 70 అశ్వశక్తుల పైచిలుకు ఇంజనుకు ఇది చిన్న నష్టం కాదు. బ్రేకులకూ అదే నిష్పత్తిలో పని పెరుగుతుంది. పొడవైన మీట చివర పట్టుకున్నట్టు పెద్ద వ్యాసం డ్రమ్మును ఎదిరిస్తుంది. వెడల్పాటి రిమ్ము టైరు నడిమి గీతను కింగ్ పిన్ను గీత నుంచి బయటికి జరుపుతుంది కనుక ప్రతి రాయీ స్టీరింగును చేతిలోంచి లాగుతుంది. ఇరుకైన టైరుకు ఇసుకలో తేలే గుణం తక్కువన్నది నిజమే. కాని పలుచని బురద కింద గట్టి నేల ఉన్న దారుల్లో అది బురదను చీల్చుకొని నేలను అందుకుంటుంది, నా ప్రయాణాలు ఎక్కువగా అలాంటి దారుల్లోనే. మామూలు రిమ్ములకు లోతైన గాళ్ల 6.00-16 టైర్లు వేశాక స్టీరింగు ఒక చేతితో తిప్పగలిగేంత తేలికైంది.

వెనుక ఇరుసులో హబ్బు కోసుగా ఉండే షాఫ్టు మీద తాళపు ఇనుప ముక్కతో బిగిసి ఉంటుంది. దాన్ని లాగడానికి బలమైన పుల్లరు కావాలి. నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచే లాగాలి. ఏళ్ల తరబడి పట్టుకున్న హబ్బు ఊడే క్షణంలో ఫిరంగి గుండంత వేగంతో వస్తుంది కనుక ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

బ్రేకుల దగ్గర మాత్రం పాత కొలతలకు తేవడంతో నేను తృప్తి పడలేదు, ఇక్కడే నా మొదటి నిజమైన మార్పు జరిగింది. 9 అంగుళాల డ్రమ్ములు ఆనాటి వేగాలకు తగినవి. అంతకన్నా ఆందోళన కలిగించే సంగతి ఏమిటంటే, నాలుగు చక్రాలకూ ఒకే మాస్టరు సిలిండరు, ఒకే గొట్టపు వరస ఉండడం. ఎక్కడ ఒక గొట్టం పగిలినా పెడలు నేలకు తగులుతుంది. కాబట్టి ముందు వెనుకలకు వేరువేరు గదులున్న జంట మాస్టరు సిలిండరు, కొత్త గొట్టాలు, ముందు చక్రాలకు 11 అంగుళాల డ్రమ్ములు వేయించాను. డిస్కు బ్రేకులు ఎందుకు వేయలేదని అడిగేవారికి నా సమాధానం ఇది: డ్రమ్ములో ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు తనంతట తాను లోపలికి పట్టుకుంటుంది, డిస్కుకు ఆ సాయం లేదు. అందువల్ల తొక్కే బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టరు లేని పెడలుతో డిస్కులు వాడితే కాలు చాలా బలంగా తొక్కవలసి వస్తుంది. నీటిలోంచి వచ్చాక డిస్కు త్వరగా ఆరుతుందన్నది దాని పక్షాన గట్టి వాదన, బూస్టరుకు చోటు ఉన్నవారు దాన్ని ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా వీల్ సిలిండర్ల వ్యాసం చూడకుండా మార్చకూడదు. సిలిండరు నెట్టే బలం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ముప్పావు అంగుళం సిలిండరు స్థానంలో ఒక అంగుళం సిలిండరు వేస్తే బలం 9 నుంచి 16కు పెరుగుతుంది. అది వెనుక చక్రాలకు జరిగితే తడి రోడ్డు మీద వెనుక భాగమే ముందు బిగుసుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది.

ఈ జీపు చేతి బ్రేకు చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక షాఫ్టు మీద ఉన్న ప్రత్యేక డ్రమ్ము మీద పనిచేస్తుంది. అక్కడి ఆయిల్ సీలు కారితే మొదట పోయేది చేతి బ్రేకే. నా బండిలో జరిగింది అదే కనుక ట్రాన్స్‌ఫర్ కేసును దించాను. లోపలి మధ్యస్థ షాఫ్టు అరిగి మెట్టు పడి ఉండడంతో అది, దాని సూది బేరింగులు, ఒత్తిడి వాషర్లు మార్చాము. గేరు బాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య నూనె పోయే దారి ఉంటుంది కనుక రెండింటి నూనెనూ ఒకేసారి తీసి ఒకే రకం నింపాలి. గేరు బాక్సులో గేరు మార్పును సాఫీ చేసే సింక్రో రింగులు కంచువి, వాటిని దృష్టిలో పెట్టుకొని నేను జీఎల్-4 తరగతి నూనె వాడుతున్నాను. ముందు వెనుక ఇరుసులను వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఈ ట్రాన్స్‌ఫర్ కేసులో లేదు. నాలుగు చక్రాల పట్టు వేసి గట్టి రోడ్డు మీద మలుపులు తిరిగితే, ఎక్కువ దూరం తిరగాల్సిన ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ ఉన్న తేడా ఎటూ పోలేక షాఫ్టుల్లో మెలికగా చేరుతుంది. అప్పుడు లీవరు కూడా బయటికి రాదు. చక్రాలు జారగలిగే నేల మీదే ఆ లీవరు వేయాలి.

ఇంజను పని క్లుప్తంగానే సాగింది. కంప్రెషను నాలుగు సిలిండర్లలోనూ దగ్గర దగ్గరగా ఉండడంతో విప్పలేదు. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వులకు 0.018 అంగుళం, ఎగ్జాస్ట్ వాల్వులకు 0.016 అంగుళం సందు పెట్టాను. ఎగ్జాస్ట్ వాల్వుల సర్దుబాటు బ్లాకు పక్కనున్న మూత తీసి చేయాలి కనుక చాలా బండ్లలో అది ఏళ్ల తరబడి ఎవరూ ముట్టకుండా ఉండిపోతుంది, సందు పోయిన వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. విద్యుత్తు తీగలు మాత్రం పూర్తిగా మార్చాను. పాత వరసలో హెడ్‌లైట్ల కరెంటు అంతా స్విచ్చు గుండానే ప్రవహించేది. ఇప్పుడు స్విచ్చు రిలేను మాత్రమే పనిచేయిస్తుంది, ప్రతి వలయానికీ విడి ఫ్యూజు ఉంది.

ఇలా తయారైన బండిని ఒక వర్షాకాలమంతా నడిపాకే మిగతా మార్పుల గురించి ఆలోచించాను. చాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కేలు ముందూ వెనుకా వేయించాను, కొక్కేన్ని బంపరుకో బాడీకో బిగించడం ప్రాణాపాయం. రోల్ బారు కాళ్లను బాడీ రేకు మీద వదిలిపెట్టకుండా, రేకుకు పైనా కిందా పలకలు వేసి చాసిస్ దాకా కట్టించాను. నడుము బెల్టులు, మూడు బిందువుల బెల్టులు దానితో పాటే వచ్చాయి, బెల్టు లేని రోల్ బారు తల తగిలే ఇనుప కడ్డీ మాత్రమే. ముందు చక్రాలకు ఫ్రీ-వీల్ హబ్బులు వేశాను. రెండు చక్రాల మీద నడిచేటప్పుడు ముందు షాఫ్టులు ఆగిపోవడం వల్ల శబ్దం, అరుగుదల తగ్గుతాయి. అయితే షాఫ్టు తిరగనప్పుడు గోళంలోని కందెన పై కింగ్ పిన్ బేరింగు దాకా చిమ్మదు. అందుకే అవసరం లేకపోయినా అప్పుడప్పుడూ హబ్బులను లాకు చేసి కొంత దూరం నడుపుతాను. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ మాత్రం వద్దనుకున్నాను. అది ఉంటే పట్టు దొరికిన ఒక్క చక్రం షాఫ్టు మీదే ఇంజను బలమంతా పడే సందర్భాలు వస్తాయి, మలుపు తిరిగి ఉన్న చక్రంలోని చిన్న క్రాస్ జాయింటు ఆ బలానికి తగినది కాదు.

పవర్ స్టీరింగు వేయమని ఇప్పటికీ సలహాలు వస్తూనే ఉన్నాయి. రాస్ కామ్-లీవరు బాక్సును పుస్తకం చెప్పిన వరసలో సర్దాక నాకు దాని అవసరం కనిపించలేదు. ముందుగా స్టీరింగు బాక్సు నుంచి బెల్ క్రాంకుకు వెళ్లే కడ్డీని, అంటే డ్రాగ్ లింకును విప్పి, పై మూత కింది షిమ్ములతో స్టీరింగు గొట్టం నిలువు ఆటను తీయాలి. అది పూర్తయ్యాకే పక్క మూత మీది మరతో లీవరు పిన్నును కామ్ గాడిలోకి దించాలి. చక్రాలు నేరుగా ఉండే స్థానంలో ఆ గాడిని కావాలనే కొంచెం బిగుతుగా చెక్కుతారు కనుక సర్దుబాటు ఆ నడిమి స్థానంలోనే చేయాలి. మలుపు చివర ఉంచి ఆట తీస్తే, నేరుగా వచ్చేసరికి బాక్సు పట్టేసి కామ్ అరిగిపోతుంది. నా బాక్సులో నడిమి స్థానంలో ఇప్పుడు వేలికి అందీ అందనంత రాపిడి ఉంది, రెండు పక్కలా స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆ వణుకు మళ్లీ రాలేదు, డ్యాంపరు బిగించవలసిన రంధ్రాలు ఇంకా వేయలేదు.